క్షేమమే అన్నవాళ్ళు

ఒకటో నమోదు. అమావాస్యకు ముందు సోమవారం.

నువ్వు కింద పడితే నీ దగ్గరికి ముందుగా ఎవరొస్తారు? పేరు చెప్పు. వస్తువు పేరు వద్దు, మనిషి పేరు కావాలి. వెంటనే నోటికి రాకపోతే ఈ కాగితం కింద పెట్టకు. ఇది నీకోసమే రాస్తున్నాను.

నా పేరు గిద్యోను. కొత్తరేవు ఏడో బ్లాకులో, మా ఇళ్ళు తేలే తెప్పలకు తాళ్ళు బిగించేవాణ్ణి. పాస్టర్ని కాను, నా తల మీద చెయ్యి పెట్టి నన్నెవరూ అభిషేకించలేదు. ఉప్పెన రోజు మా అమ్మ నన్ను పడవలోకి విసిరి, నా వెనకే తన బైబిలు విసిరింది. ఆమె ఎక్కలేదు. ఉప్పునీళ్ళకు ఉబ్బిపోయిన ఆ గ్రంథంలోనే అక్షరాలు దిద్దుకున్నాను. వారమంతా తాళ్ళు బిగిస్తాను, ఆదివారం ప్రార్థన గదిలో నిలబడి వాక్యం చెబుతాను. అంత అరవడమెందుకని కొందరు అడుగుతారు. కింద నీళ్ళు తోడే పంపులు మోగుతుంటాయి మరి. మెల్లగా చెబితే దేవుడికి వినిపిస్తుందేమో, వెనక వరసకు వినపడదు.

ఇవాళ నీళ్ళ పడవ మీద మంచినీళ్ళ పీపాలతో పాటు అట్టపెట్టెలు దిగాయి. వాటినిండా తెల్లటి బిళ్ళలు, ఒక్కోదానికి చిన్న పచ్చ దీపం, మెళ్ళో వేసుకోవడానికి తాడు. రేవు కమిటీ తరఫున హిమజ అనే అమ్మాయి వచ్చి, ముసలివాళ్ళనూ మంచం పట్టినవాళ్ళనూ వంతెన మీద కూర్చోబెట్టి ఒక్కొక్కరి మెళ్ళో వేసింది. ఆ బిళ్ళకు పెట్టిన పేరు ‘కాపరి’.

కాపరి! గొర్రెల కోసం ప్రాణం పెట్టేవాడి పేరు తీసుకెళ్ళి బొత్తాము మీద అచ్చేశారు. తోడేలు వస్తే జీతగాడు పారిపోతాడని గ్రంథం చెబుతుంది. ఇది పారిపోదు, నిజమే. కాళ్ళు లేవు కదా.

ఇంతకాలం ఇంటితోడు నిధి అంటే ఒక మనిషి. కాలూచెయ్యీ ఆడని ప్రతి ప్రాణి దగ్గరికీ పొద్దునోసారి, సాయంత్రమోసారి ఒక తోడుమనిషి వచ్చేది. ఒళ్ళు తుడిచి, నాచు జావ తాగించి, తల దువ్వి, కాసేపు కూర్చుని వెళ్ళేది. ఆ జీతం నిధి ఇచ్చేది. ఇప్పుడు అదే నిధితో, కొన్నాళ్ళు చూద్దామని, అన్ని బ్లాకులకూ బిళ్ళలు కొన్నారు. తోడుమనుషుల్ని పంపుల పనిలోకి పంపేస్తున్నారు.

“ఎవరైనా పడిపోతే కాపరికి తెలిసిపోతుంది. ‘క్షేమమేనా?’ అని అడుగుతుంది. లేదంటే చాలు, సహాయ పడవ బయల్దేరుతుంది. మూడుసార్లు అడిగినా పలక్కపోతే అప్పుడూ బయల్దేరుతుంది” అని హిమజ వివరించింది.

“పలికితేనో?” అన్నాడు తీతు తాత, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

“బాగున్నానని పలికితే ఇంక పడవెందుకు తాతగారూ?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మా సువార్తమ్మ పెద్దమ్మ బిళ్ళను చీర మీద సర్దుకుని అటూ ఇటూ తిరిగి చూపించింది. బ్లాకులో అందరికంటే పెద్దది. కుడికాలు ఈడుస్తుంది. “మీ పెదనాన్న పోయాక నా మెళ్ళో ఏదైనా పడ్డం ఇదేరా. బావుందా నాకు?”

ఆమెను చూసుకునే తోడుమనిషి నాగవేణి పక్కనే కుర్చీ పట్టుకుని నిలబడి ఉంది. “బావుండకేం మామ్మా. నన్ను తీసేసి మరీ కొన్న నగ.”


రెండో నమోదు. బుధవారం.

పొద్దున్నే తూర్పు తాళ్ళు బిగించి, పలకల మీద ఉప్పు గీకి, సువార్తమ్మ తెప్పకు వెళ్ళాను. ఆమె గది మా తెప్పకు ఎదురుగా ఉంటుంది. మధ్యలో ఇరుకైన నీళ్ళు, వాటి మీద వంతెన. పోటు వచ్చినప్పుడు తెప్పలు కొట్టుకుని వంతెనలు విరక్కుండా పైకెత్తేస్తాం. అంతసేపూ ఎవరి తెప్ప మీద వాళ్ళే ఉండాలి.

నాగవేణికి అదే ఆఖరి రోజు. పెద్దమ్మ మడమలకు నూనె రాస్తోంది.

“రేపట్నించి ఎవరు రాస్తారే?” అంది పెద్దమ్మ.

“బిళ్ళని అడుగు. దానికి అన్నీ తెలుసంటగా.”

“నీ నోటికి తాళం లేదే.”

“నీ నోటికి ఉందిగా మామ్మా, ఇద్దరికీ సరిపోద్ది.”

బయటికి వచ్చాక నాగవేణి గొంతు మారింది. “గిద్యోనన్నా, ఓ మాట చెబుతా కోప్పడకు. మామ్మ అబద్ధాలాడుద్ది.”

“ఎవరు? సువార్తమ్మా?”

“ఆవిడే. మొన్న తొడంతా కమిలిపోయి నల్లగా ఉంది. ఏమైంది మామ్మా అంటే, ప్రభువు దయ క్షేమమే అంటది. జ్వరమొచ్చి ఒళ్ళు కాలిపోతున్నా అదే మాట. నేను అడగడం ఎప్పుడో మానేశా. కుచ్చిళ్ళు పైకెత్తి చూసుకోటమే.”

కోపం రాలేదు. ఆ మాట ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. ఉప్పెన రోజు పడవలో మనుషుల మీద మనుషులం కూర్చున్నాం. ఊళ్ళు కిందెక్కడో ఉన్నాయి. ఏడుపులు, శాపనార్థాలు. అప్పుడు సువార్తమ్మ లేచి షూనేము స్త్రీ కథ చెప్పింది. కన్నకొడుకు చనిపోయి మంచం మీద పడి ఉన్నాడు. ఆ తల్లి దైవజనుడైన ఎలీషాను వెతుక్కుంటూ పోతోంది. దారిలో ఆయన పనివాడు గేహజీ ఎదురొచ్చి, క్షేమమేనా అని అడిగితే క్షేమమే అంది. “మనమూ అంతే అందాం. ఇవాళ్టి నుంచి మన నోట సణుగుడు వద్దు” అంది సువార్తమ్మ. పడవంతా ఆ మాట పట్టుకుంది. నేను పిల్లవాణ్ణి, నేనూ పట్టుకున్నాను. మా సంఘంలో ఇప్పటికీ ఎవరైనా ఎలా ఉన్నావంటే ఒకటే జవాబు: ప్రభువు దయ, క్షేమమే. బాగోలేదన్నవాణ్ణి సభలో నిలబెట్టి ప్రార్థన చేయిస్తాం.

ఇదంతా నాగవేణికి చెప్పాను. ఆమె ముక్కు మీద వేలేసుకుంది. “దేవుడు కూడా అలసిపోయుంటాడు, మీ క్షేమాలు వినీ వినీ.”


మూడో నమోదు. ఆ పై మంగళవారం.

తీతు తాత పోయాడు.

పొయ్యి పక్కన బోర్లా పడి ఉన్నాడు. జావ అడుగంటి నల్లగా అయిపోయింది. పొయ్యి దానంతటదే ఆరిపోయింది. మేము చూసేసరికి ఒళ్ళు చల్లబడి ఉంది. బిళ్ళ మెళ్ళోనే ఉంది, పచ్చ దీపం వెలుగుతూ.

హిమజ పడవ మీద వచ్చింది. ఆమె ముఖం చూస్తే ఆమె కూడా నిద్రపోలేదని తెలుస్తోంది. నేను తెప్ప అంచునే అడ్డం నిలబడ్డాను.

“ఏమ్మా, మీ కాపరి ఎక్కడికెళ్ళాడు? గడ్డి మేస్తున్నాడా?”

“ఎక్కడికీ వెళ్ళలేదండీ. ఆయన పడ్డారని దానికి తెలిసింది. అడిగింది.”

“అడిగితే?”

“క్షేమమే అన్నారు.”

నేను అడ్డం తప్పుకున్నాను.

“కాసేపటికి లేవబోయి మళ్ళీ పడ్డారు. మళ్ళీ అడిగింది. ప్రభువు దయ, క్షేమమే అన్నారు. చివర్లో...” హిమజ నా వెనక గదిలోకి చూసింది. “చివర్లో వందనాలు కూడా చెప్పారండీ. నాకు అర్థం కాలేదు. అంత నొప్పిలో ఉన్న మనిషి అలా ఎందుకంటారు?”

నాకు అర్థమైంది. తీతు తాత గొంతు నా చెవిలో వినిపించింది, ఆదివారం సాక్ష్యం చెప్పేటప్పుడు ఎలా చెప్పేవాడో అలాగే. నేల మీద పడి, పక్కటెముకలు విరిగి, మెళ్ళో ఉన్న బిళ్ళకు మర్యాదగా వందనాలు చెప్పి పంపేశాడు.

బేతెస్ద కోనేటి గట్టున ఏళ్ళ తరబడి పడి ఉన్నవాణ్ణి ప్రభువు అడిగాడు, బాగుపడాలని ఉందా అని. వాడు క్షేమమే అనలేదు. నన్ను నీళ్ళలోకి దించడానికి నాకు మనిషి లేడయ్యా అన్నాడు. ఆ ఒక్క మాటకే కదా లేచి నడిచాడు! తీతు తాతా, ఆ మాట నీకెవరూ నేర్పలేదు.


నాలుగో నమోదు. ఆదివారం.

ఇవాళ వాక్యం చెప్పలేదు. బతిమాలాను.

“బిళ్ళ అడిగితే నిజం చెప్పండి. నొప్పి ఉంటే నొప్పి అనండి. అది మన విశ్వాసాన్ని పరీక్షించడానికి అడగట్లేదు, దానికి కళ్ళు లేక అడుగుతోంది.”

మా సంఘ పెద్ద శీలయ్య లేచాడు. నోట్లో రెండు పళ్ళున్నా మాట మాత్రం గట్టిది. “అంటే తీతు ఆఖరి మాట తప్పంటావా?”

“తప్పు అనట్లేదు బాబాయ్, చావు అంటున్నాను.”

“సాక్ష్యంతో పోయాడు. అంతకన్నా ఏం కావాలి? అరణ్యంలో సణిగినవాళ్ళ శవాలు అరణ్యంలోనే రాలిపోయాయి. గ్రంథం చదువుతావుగా నువ్వు.”

“యోబు సణిగాడు బాబాయ్. పుట్టిన రోజును తిట్టుకున్నాడు. గ్రంథం అది దాచిపెట్టిందా?”

“నువ్వు యోబువా?”

ఆడవాళ్ళ వరసలో నవ్వు వినిపించింది. అందరూ సువార్తమ్మ వైపు చూశారు. ఆ మాట మొదట పలికింది ఆమె కనుక, మారిస్తే ఆమే మార్చాలి. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. కొంగు తీసి అంది, “గిద్యోనూ, పాట ఎత్తుకోరా.”

ఎత్తుకున్నాను. ఏ పాటో గుర్తులేదు.


ఐదో నమోదు. సోమవారం.

కమిటీ గదికి వెళ్ళాను. తోడుమనుషుల్ని వెనక్కి పంపమని అడగడానికి. దారి పొడవునా ఏమని గర్జించాలో తయారు చేసుకున్నాను. రాజు తప్పును రాజు ముఖం మీదే చెప్పిన నాతాను ప్రవక్తలా నిలబడదామనుకున్నాను. హిమజ కుర్చీ చూపించింది.

“కూర్చోండి. మంచినీళ్ళు?”

గర్జన సగం అక్కడే పోయింది.

“శుక్రవారం పున్నమి కదండీ. ఆ రోజు రేవు మీద చేతులెత్తి తేలుస్తారు. నిధి తిరిగి తోడుమనుషులకే ఇవ్వాలా, అన్ని బ్లాకుల్లోనూ బిళ్ళలే శాశ్వతం చేయాలా అని. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం పోటుకు ముందే ముగించేస్తారు.”

“అయితే మా బ్లాకు సంగతి అక్కడ చెప్పండి. తీతు సంగతి చెప్పండి.”

ఆమె తల దించుకుంది. “మీ బ్లాకు సంగతే చెబుతున్నారు. ఏడో బ్లాకును చూసే కమిటీకి ధైర్యం వచ్చింది. బిళ్ళ ఎన్నిసార్లు అడిగినా మీవాళ్ళందరూ క్షేమమే అన్నారు. ఒక్కరు కూడా లేదనలేదు. తోడుమనిషి లేకపోయినా ముసలివాళ్ళు ఇంత హాయిగా ఉన్నారంటే ఇంక తోడెందుకని అంటున్నారు.”

చెప్పుతో కొట్టినా అంత తగిలేది కాదు. మేము దేవుడికి చెప్పుకున్న మాట అది. దాన్ని తీసుకెళ్ళి ముక్కూమొహం తెలియని బ్లాకుల్లో మంచాల మీద ఉన్నవాళ్ళ తోడు లాగేస్తున్నారు.

“మీకు ఇది న్యాయంగా ఉందామ్మా?”

“పంపులకు మనుషులు చాలట్లేదండీ. పంపులు ఆగితే న్యాయం, మీరు, నేను అందరం నీళ్ళ కిందే. మా నాన్నకు కూడా బిళ్ళే వేశాను. పొద్దున వచ్చేటప్పుడు ఎలా ఉన్నావు నాన్నా అని అడిగాను.”

“ఏమన్నాడు?”

“నువ్వెళ్ళమ్మా, ఆలస్యమవుతుంది అన్నాడు.”

ఆమె కిటికీ వైపు తిరిగింది. నేను లేచాను. తమ్ముణ్ణి చంపిన కయీను, ‘నా తమ్ముడికి నేను కావలివాణ్ణా’ అని దేవుణ్ణే అడిగాడు. అది వాడి పొగరు. ఈ పిల్ల అడగలేదు, ఏడవలేదు. ఇంత మంచి మనుషులతో ఎలా పోట్లాడాలో నాకు గ్రంథంలో ఎక్కడా దొరకలేదు.


ఆరో నమోదు. బుధవారం.

షూనేము స్త్రీ కథ మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఇన్నేళ్ళుగా సగం దగ్గర ఆపి ఆమేన్ అనేవాళ్ళం.

చదవని సగం ఇది. ఆ తల్లి క్షేమమే అన్నది పనివాడితో. దైవజనుడి దగ్గరికి చేరగానే ఆమె ఏ మాటా దాచుకోలేదు. నేల మీద పడి ఆయన కాళ్ళు పట్టుకుంది. పనివాడు లాగెయ్యబోతే దైవజనుడు వద్దన్నాడు, ఆమె లోపల ఎంతో నలిగిపోయి ఉంది అన్నాడు. తరువాత ఆయన తన చేతికర్ర పనివాడికిచ్చి, ముందు పరిగెత్తి పిల్లవాడి ముఖం మీద పెట్టమన్నాడు. తల్లి కర్రతో సరిపెట్టుకోలేదు. నువ్వు వస్తేనే వెళతాను అని కూర్చుంది. కర్ర పెట్టారు. పిల్లవాడు పలకలేదు, కదలలేదు. దైవజనుడు స్వయంగా వచ్చి, తలుపు మూసి, పిల్లవాడి మీద పడుకుని, నోటికి నోరు, చేతికి చెయ్యి ఆనించాడు. అప్పుడు ఒళ్ళు వెచ్చబడింది.

కర్ర పంపితే చాలదని అంత పెద్ద ప్రవక్తకే తెలిసొచ్చింది!

గ్రంథం చంకన పెట్టుకుని వంతెన మీద పరిగెత్తాను. పెద్దమ్మ గడప దగ్గర కూర్చుని పీతలు శుభ్రం చేసుకుంటోంది. జుట్టు చిక్కులు పడి ఉంది. నాగవేణి వెళ్ళాక దువ్వినవాళ్ళు లేరు. నిలబడే చదివాను, ఊపిరి తీసుకోకుండా. చివరి దాకా విని పీత డెక్క ఒకటి విరిచింది.

“ఆ సగం నాకు తెలుసురా.”

“తెలుసా?”

“మా నాన్న వాక్యం చెప్పేవాడు. కడుపులో ఉన్నప్పట్నించీ విన్నాను.”

“మరి పడవలో ఎందుకు చెప్పలేదు పెద్దమ్మా?”

ఆమె నీళ్ళ వైపు చూసింది. “ఆ పడవ నీకు గుర్తుందా? అంచు మీదికి నీళ్ళొచ్చేస్తున్నాయి. ఒక్కొక్కరూ గుండెలు బాదుకుంటూ లేచి నిలబడుతున్నారు. ఇంకొంచెం ఏడ్చుంటే తిరగబడిపోయేది. కాళ్ళు పట్టుకుని ఏడ్చిన సగం చెబితే ఒక్కరు కూర్చునేవారా? కూర్చోబెట్టే సగం చెప్పాను.”

“పడవ దిగి ఎన్నేళ్ళయింది?”

“దిగామంటావా?” అంది. కొంచెం నవ్వింది. “ఆ మాట నాలిక మీద కాయలా కాసిపోయిందిరా. ఇప్పుడు వేరే మాట అందామన్నా నోరు తిరగదు.”

“రేవు మీద ఒక్కసారి తిప్పు. శుక్రవారం. శీలయ్య బాబాయ్ నా మాట వినడు, నీ మాట వింటాడు. మన బ్లాకు బాగోలేదని నువ్వంటే నిధి తోడుమనుషులకే మిగులుతుంది. నాగవేణి వెనక్కి వస్తుంది.”

పీతల గిన్నె పక్కకు జరిపింది. తడి చేత్తో నా మోచెయ్యి పట్టుకుంది.

“కుర్చీలో మోసుకెళ్ళు. చెబుతాను. పడేశావంటే మాత్రం అక్కడే తిడతాను.”

“తిట్టు పెద్దమ్మా. అందరూ వినేలా తిట్టు.”


ఏడో నమోదు. గురువారం. అరచేతులకు గుడ్డ కట్టుకుని రాస్తున్నాను.

మధ్యాహ్నం పోటు ఎప్పటికంటే ముందే ఎక్కింది. వంతెనలు ఎత్తేశాం. నేను మా తెప్ప పడమటి అంచున తాడు వదులు చేస్తున్నాను. ఎదురుగా పెద్దమ్మ తలుపు తీసి ఉంది. ఉతికిన చీర తీగ మీద వేసుకుంటోంది. రేపటికి కట్టుకోవడానికని, తెల్ల చీర. తెప్ప ఒక్కసారిగా ఊగింది.

ఆమె వెనక్కి పడింది. గడప అంచుకు తల తగిలిన చప్పుడు నీళ్ళ మీదుగా నాకు వినిపించింది.

“పెద్దమ్మా!”

బిళ్ళ అడిగింది. దాని గొంతు కూడా వినిపించింది, మెత్తగా, బడిలో పంతులమ్మలా. “సువార్తమ్మగారూ, క్షేమమేనా?”

“లేదని చెప్పు! పెద్దమ్మా, లేదని చెప్పు!”

ఆమె తల నా వైపు తిప్పింది. నన్ను చూసింది. నోరు తెరిచింది. ఒట్టేసి చెబుతున్నాను, ఆమె ఆ మాట అనాలనుకోలేదు. అది ఆమెకంటే ముందే బయటికి వచ్చేసింది.

“ప్రభువు దయ... క్షేమమే.”

“సంతోషం. జాగ్రత్తగా ఉండండి” అంది బిళ్ళ.

“కాదు! బాగోలేదు! ఆమె బాగోలేదు!” అని నేను గొంతు చించుకున్నాను. ఇన్నేళ్ళు పంపుల మోతను మించి అరిచిన గొంతు, అది ఒక బిళ్ళకు వినపడలేదు. ఎవరి మెళ్ళో ఉంటే వాళ్ళ గొంతే వింటుందట.

తెప్పల మధ్య నీళ్ళు సుడి తిరుగుతున్నాయి. దూకితే కట్టెలా రెండు తెప్పల మధ్య నలిగిపోతాను. అప్పుడే పంపు పడవ కనిపించింది. దాని మీద నూనె మరకల చొక్కాలో నాగవేణి ఉంది. నా అరుపు ఆమె విన్నది. పంపు ఆపేసి పడవ తిప్పింది. పడవ మీద ఎవరో బూతులు తిడుతున్నారు. పట్టించుకోలేదు. నేను తాడు విసిరాను. ఆమె అందుకుని పడవకు కట్టింది. దాన్ని మా తెప్పకు లాగి నేనూ ఎక్కాను, అక్కణ్ణుంచి పెద్దమ్మ తెప్పకు తాడు వేసి లాక్కున్నాం. నా తాళ్ళు ఇన్నేళ్ళూ తెప్పల్ని పట్టుకున్నాయి, ఇవాళ ఒక మనిషి దగ్గరికి మనుషుల్ని లాగాయి. అరచేతుల చర్మం ఊడొచ్చింది. ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ఈలోపు బిళ్ళ ఇంకోసారి అడిగింది. ఇంకోసారి అదే జవాబు, ఈసారి సగమే, ప్రభువు దయ అని. దానికి అది చాలింది.

నాగవేణి పెద్దమ్మ తెప్ప మీదికి దూకింది, వెనకే నేను. ఏమైంది అని అడగలేదు. చీర అంచు పైకి తీసి చూసింది. తుంటి దగ్గర కాలు ఉండకూడని వైపుకు తిరిగి ఉంది. తల కింద గడప ఎర్రగా తడిసింది.

పెద్దమ్మ చెయ్యి నేల మీద పాకింది. నాగవేణి చీలమండ దొరికింది. పట్టుకుంది. తాళ్ళు బిగించేవాణ్ణి, పట్టు ఎలాంటిదో నాకు తెలుసు. అలాంటి పట్టు నేనెప్పుడూ చూడలేదు.

“బాగోలేదే వేణీ,” అంది. “అస్సలు బాగోలేదు. ఎన్నాళ్ళుగానో బాగోలేదు.”

“తెలుసు మామ్మా. తెలుసు. చెప్పు, ఇంకా చెప్పు.”

చెప్పింది. కాలి నొప్పి గురించి చెప్పింది, పడవలోంచి జారిపోయిన తన పసిబిడ్డ గురించి చెప్పింది. ఆ బిడ్డ సంగతి మాకెవరికీ తెలియదు. మేమందరం కూర్చున్న ఆ పడవలోంచే ఆమె బిడ్డ నీళ్ళలోకి జారిపోయింది. ఆ తరువాతే లేచి మాకు కథ చెప్పింది. నాగవేణి ఆమె తల ఒళ్ళో పెట్టుకుని చిక్కులు పడ్డ జుట్టు వేళ్ళతో విడదీస్తూ వింది.

అప్పుడు బిళ్ళకు అర్థమైంది. పచ్చ దీపం ఎర్రబడింది.

“సువార్తమ్మగారూ, సహాయ పడవ సిద్ధంగా ఉంది. పోటు తీయగానే బయలుదేరుతుంది. దయచేసి కదలకండి.”

ఆమె ఇక కదలలేదు.


ఎనిమిదో నమోదు. శుక్రవారం. తెల్లవారింది.

సువార్తమ్మను ప్రార్థన గదిలో పడుకోబెట్టాం. ఆ తెల్ల చీర నాగవేణి కట్టింది. శీలయ్య బాబాయ్ వచ్చి తల దగ్గర నిలబడ్డాడు. ఎలా ఉన్నావు బాబాయ్ అని అడిగాను. నోరు తెరిచాడు, మూసుకున్నాడు. మళ్ళీ తెరిచి, “మోకాళ్ళు పట్టేసి మూడు నెలలైందిరా” అని గోడకు ఆనుకుని ఏడ్చాడు. ఆ గదిలో ఉప్పెన తరువాత మొదటిసారి మనుషులు ఏడ్చారు. తెప్ప తిరగబడలేదు.

సిలువ మీద వేలాడుతూ మన ప్రభువు క్షేమమే అన్నాడా? దాహమన్నాడు. నన్నెందుకు వదిలేశావని బిగ్గరగా కేక వేశాడు. ఆయనకంటే మనకు ఎక్కువ విశ్వాసం ఉందా?

కనుక ముందుగా నేను చెబుతున్నాను. నేను, గిద్యోను, బాగాలేను.

ఈ కాగితాలు నీళ్ళ పడవ మీద వేసి అన్ని బ్లాకులకూ పంపుతున్నాను. నీ చేతికి వచ్చేసరికి పొద్దెక్కి ఉంటుంది. మధ్యాహ్నం పోటుకు వంతెనలు లేస్తాయి. లేచాయంటే రేవు మీదికి ఎవరూ రాలేరు, రానివాళ్ళందరూ క్షేమంగా ఉన్నట్టు కమిటీ రాసుకుంటుంది. రేపు మాట్లాడుకుందాం అనకు. బిళ్ళలు ఉంచుకోండి, నేను వాటిని నీళ్ళలో పారేయమనట్లేదు. పరిగెత్తే గేహజీ కూడా కావాలి. కానీ కర్ర వచ్చిందని దైవజనుణ్ణి ఇంట్లో కూర్చోబెట్టకండి. నిధి మనిషికి దక్కాలి. పంపులకు మనుషులు చాలకపోతే నేనొస్తాను, తాళ్ళ పని అయ్యాక నా చేతులు ఖాళీయే. నువ్వూ రా. ఆ మాట కూడా ఇవాళ రేవు మీదే చెబుదాం.

నువ్వొక్కడివే రాకు. నీ పక్క తలుపు వెనక ఒకరున్నారు. మెళ్ళో పచ్చ దీపం వెలుగుతూ ఉంటుంది. కుర్చీ తీసుకో, మోయడానికి ఇంకొకణ్ణి పిలువు, వాళ్ళను రేవు మీదికి తీసుకురా. చెయ్యి లేవకపోతే నువ్వు ఎత్తిపట్టు.

లే. ఈ కాగితం అక్కడ పెట్టి లే. వెళ్ళి ఆ తలుపు తట్టు. లోపలి నుంచి క్షేమమే అని వినిపిస్తే వెనక్కి తిరగకు. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళు.